యానాంలో కొన్న తూటాలు, చందుర్తిలో చూసిన తూటా

మూడు సీసపు గుళ్ళకు 2,700 రూపాయలు పోసి మోసపోయాను. పాత తూటాలు సేకరించే మరొకరు ఇలా నష్టపోకూడదనే ఇది రాస్తున్నాను.

యానాంలో పాత వస్తువుల దుకాణం అది. "చందుర్తి యుద్ధం నాటి ఫ్రెంచి తూటాలు, ఒక్కొక్కటి 900" అన్నాడు యజమాని. 1954 దాకా ఫ్రెంచివారు ఏలిన ఊరు కదా, నమ్మకం కలిగింది. పైన తెల్లటి పొర కూడా ఉంది. మట్టిలో శతాబ్దాలు పడి ఉన్న సీసానికి అలాంటి పొరే పడుతుంది. "బిల్లు అడగరా" అని మామయ్య రెండుసార్లు గుర్తు చేశాడు. "ఇలాంటివాటికి బిల్లులుండవు" అన్నాడు యజమాని. అక్కడే లేచి రావలసింది. నూరేళ్ళు దాటిన పురావస్తువుల వ్యాపారానికి 1972 నాటి చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. నేను అదీ అడగలేదు.

రాత్రికి కాకినాడలో లాడ్జి, 1,400. శుభ్రంగా ఉంది.

మరునాడు కారు మాట్లాడుకుని చందుర్తి వెళ్ళాం, రానూపోనూ 1,800. మామయ్య దారంతా మాట్లాడలేదు. 1758 డిసెంబరులో కల్నల్ ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషు సేన, విజయనగరం ఆనంద గజపతి దండుతో కలిసి, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేనను ఓడించింది ఇక్కడే. ఎర్రకోట్లు తొడిగిన దేశీయ సిపాయిలను చూసి ఫ్రెంచివారు తెల్ల సైనికులనుకున్నారు. అసలు తెల్ల పటాలం ఏపుగా పెరిగిన చేను చాటున ఉంది. ఆ నేల మీద నిలబడితే నాకు ఒళ్ళు పులకరించింది.

గట్టు మీద మాట కలిపిన ఒక పెద్దాయన మమ్మల్ని ఇంటికి తీసుకువెళ్ళి భోజనం పెట్టారు. వేడి అన్నం, గోంగూర పచ్చడి, ముద్దపప్పు. మామయ్య కోపం ఆ పప్పుతో పోయింది. తరువాత ఆయన మేకుల డబ్బాలోంచి, ఎప్పుడో దుక్కిలో దొరికిందంటూ, ఒక గుండు తీశారు. కొలిచాను: 17.4 మిల్లీమీటర్లు, 31 గ్రాములు, ఒక వైపు చదునుగా నలిగి ఉంది. ఇంగ్లీషు తుపాకీ గొట్టం సుమారు 19 మిల్లీమీటర్లు, దాని గుండు పదిహేడున్నర దరిదాపు. ఫ్రెంచి గుండు 16 దరిదాపు. మసి పట్టిన గొట్టంలో కూడా త్వరగా దిగాలని గుండును అంత వదులుగా పోసేవారు. ఇది ఇంగ్లీషు వైపు నుంచి పేలి దేనికో తగిలిన గుండే అని నా నిర్ణయం. అమ్మమని నేను అడగలేదు, అమ్ముతానని ఆయనా అనలేదు.

నా మూడూ కొలిస్తే 14. తెల్లపొర గోటితో గీరగానే రాలింది. చాకుమొనతో పొడిస్తే మధ్యలో మైనంతో పూడ్చిన రంధ్రం బయటపడింది.

తిరిగి యానాం వెళితే, ఆ గుళ్ళు తన దుకాణానివే కావన్నాడు యజమాని. బిల్లు లేదు, ఏం చేయగలం? కొలిచే పరికరం సంచిలో కాకుండా జేబులో ఉండాలి. బిల్లు ఇవ్వనివారి దగ్గర ఎంత ముచ్చటైన వస్తువైనా కొనవద్దు. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. పేలని తూటా కనిపిస్తే తాకకుండా పోలీసులకు చెప్పండి, లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం.

గోదావరి ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయనకు ఆ గుళ్ళు చూపించాను. "విసురువలకు కట్టేవే బాబూ" అన్నాడు. మూడూ ఆయనకే ఇచ్చేశాను. మేకుతో మైనం తీసి, అక్కడే అంచుకు కట్టుకున్నాడు.