ముందు మోచేతులు, తర్వాత చక్రాలు: క్లిప్-ఆన్ ఏరోబార్ల రివ్యూ

మన సైక్లింగ్ గ్రూపుల్లో ఎవరైనా టైమ్ ట్రయల్‌కి, అంటే ఒక్కొక్కరే తొక్కి టైము చూసుకునే పోటీకి, పేరు ఇచ్చారంటే మర్నాటికల్లా వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ వీల్స్ కొనమంటావ్?" లోతైన రిమ్ములున్న కార్బన్ చక్రాలు చూడ్డానికి బాగుంటాయి, ఫోటోల్లో ఇంకా బాగుంటాయి, కాదనను. కానీ ఉద్యోగం చేసుకుంటూ పొద్దున్నే లేచి మామూలు రోడ్ బైక్ తొక్కే వాళ్ళకి పెట్టిన రూపాయికి ఎక్కువ వేగం ఇచ్చేది హ్యాండిల్‌కి బిగించుకునే ఏరోబార్లు, అంటే మోచేతులు ఆన్చి ముందుకి వంగి తొక్కడానికి పెట్టుకునే గొట్టాలు. ఈ రివ్యూ వాటి గురించే, మధ్యలో టైర్లూ బట్టలూ కూడా వస్తాయి, ఎందుకంటే ఆ డబ్బు కూడా అదే జేబులోంచి పోయింది.

నా దగ్గరున్నది అల్యూమినియం సెట్టు, పది వేల లోపుది. బ్రాండు పేరు రాయను, కిందికి పోయేకొద్దీ దాన్ని కాస్త తిట్టబోతున్నాను. పైగా ఈ ధరలో దొరికేవన్నీ కొంచెం అటూ ఇటూగా ఒకటే సరుకు: హ్యాండిల్‌కి పట్టే రెండు క్లాంపులు, ముందుకు చాచిన రెండు గొట్టాలు, మోచేతుల కింద రెండు ప్యాడ్లు, ఎత్తు పెంచుకోడానికి కొన్ని స్పేసర్లు. గొట్టాల చివర తిన్నగా ఉండేవి, కొంచెం పైకి వంగేవి, బాగా పైకి లేచేవి అని రకాలున్నాయి. కొంచెం పైకి వంగినవి తీసుకోండి, మణికట్టు హాయిగా ఉంటుంది.

టైమ్ ట్రయల్లో ముందు ఎవరూ ఉండరు. గ్రూప్ రైడ్‌లో లాగా ఒకడి వెనక చక్రం పట్టుకుని దాక్కోడం కుదరదు, నిమిషానికొకరిని చొప్పున వదులుతారు, ఎవరి గాలి వాళ్ళే చీల్చుకోవాలి. గంటకి 35 కిలోమీటర్ల దగ్గర చదును రోడ్డు మీద మనం పెట్టే బలంలో దాదాపు 80 శాతం ఒక్క గాలికే పోతుంది. అందులో నాలుగింట మూడొంతులు సైకిల్ వల్ల కాదు, దాని మీద కూర్చున్న మనిషి వల్ల. చక్రాలు, ఫ్రేము, దాచేసిన కేబుళ్ళు, ఇవన్నీ మిగిలిన ఆ నాలుగో వంతు కోసం కొట్లాడుకుంటాయి. ఇంకో సంగతి, గాలి కోసం పెట్టాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది, అంటే వేగం పది శాతం పెంచాలంటే ఆ లెక్కలో పవర్ ముప్పై శాతం పైగా పెంచాలి. ట్రైనింగ్‌తో ముప్పై శాతం తెచ్చుకోవడం ఎంత కష్టమో తొక్కేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇక లెక్క. నా బరువూ సైకిల్ బరువూ కలిపి 82 కిలోలు వేసుకోండి, తొక్కేది 200 వాట్లు, హైదరాబాద్ గాలి. మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, వేడి కూడా ఎక్కువే, కాబట్టి గాలి సాంద్రత ఘనపు మీటరుకి 1.1 కిలోల దగ్గర ఉంటుంది. ఇంగ్లండ్‌లో 15 డిగ్రీల చలిలో తొక్కేవాళ్ళకి 1.22 ఉంటుంది. మన ఎండని తిట్టుకునే ముందు ఇదొకటి గుర్తు పెట్టుకోండి, దాదాపు పది శాతం పలచటి గాలి మనకి ఊరికే వచ్చింది. బ్రేక్ లివర్ల మీద చేతులు పెట్టి తొక్కితే గాలికి నా అడ్డు, అదే అందరూ సీడీఏ అనేది, 0.35 చదరపు మీటర్లు అనుకుందాం. వేగం గంటకి 34 కిలోమీటర్లు వస్తుంది. ఏరోబార్ల మీదికి వంగితే 0.31కి దిగుతుందని పెట్టుకుంటే అదే 200 వాట్లకి 35.3. అంటే 20 కిలోమీటర్ల ట్రయల్లో 35 నిమిషాల 18 సెకన్లు పట్టేది 34 నిమిషాలకి వచ్చేస్తుంది. కాలు అదే, గుండె అదే. బయట రోడ్డు మీద నాకు కనపడ్డ తేడా కూడా ఇంచుమించు ఇంతే, ఓ రోజు కొంచెం ఎక్కువ, ఓ రోజు కొంచెం తక్కువ.

సెకన్లదేముందిలే అనేవాళ్ళకి 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు చెప్పాలి. వెర్సాయ్ నుంచి పారిస్ దాకా 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, గ్రెగ్ లెమాండ్ మొత్తం రేసులో ముందున్న లారెంట్ ఫిన్యాన్ కన్నా 50 సెకన్లు వెనకబడి ఉన్నాడు. అతను ఏరోబార్ల మీద మోచేతులు ఆన్చి, వెనక తోకలా సాగిన హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. లారెంట్ ఫిన్యాన్ హెల్మెట్ లేకుండా, జుట్టు పిలక గాల్లో ఎగురుతుంటే ఏరోబార్లు లేని హ్యాండిల్‌తో తొక్కాడు. మూడు వారాల రేసు, మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు, లెమాండ్ గెలిచింది 8 సెకన్లతో. ఆ బార్లు రూపొందించిన బూన్ లెనన్ స్కీయింగ్ కోచ్, మంచు మీద జారేవాళ్ళు చేతులు ముందుకు ముడిచి వంగే తీరు చూసి సైకిల్‌కి తెచ్చాడు. ఇప్పుడు మనం పది వేలకి కొనుక్కునేది ఆ సరుకే, పెద్దగా మారలేదు.

అయితే బిగించగానే వేగం రాదు. కొన్న మొదటి వారమే "ఏం తేడా లేదు బ్రో" అని అమ్మేసిన వాళ్ళు నాకు తెలుసు. పెట్టెలోంచి తీసి బిగిస్తే ప్యాడ్లు మరీ దూరంగా పడతాయి, ఎందుకంటే మన సీటు రోడ్ బైక్ లెక్కలో వెనక్కి ఉంటుంది. వాటిని అందుకోడానికి ఒళ్ళు సాగదీస్తాం, తుంటి దగ్గర కోణం మూసుకుపోతుంది, మోకాలు పొట్టకి తగులుతుంది, పవర్ పడిపోతుంది. గాలిలో మిగిల్చిన 20 వాట్లు కాళ్ళలో పోగొట్టుకుంటే ఇంకెందుకు? సీటు ఓ రెండు సెంటీమీటర్లు ముందుకి జరిపి, ఓ అర సెంటీమీటరు పైకి ఎత్తాక నాకు కుదిరింది. కిందికి వంగితే చాలు వేగం అనుకుని స్పేసర్లన్నీ తీసేసేవాళ్ళు ఉంటారు, అవి ఉంచుకోండి. ప్యాడ్లు కొంచెం ఎత్తులో ఉండి, అరచేతులు ముఖానికి దగ్గరగా వచ్చి, తల భుజాల మధ్యకి దిగితే చాలామందికి ఇంకా బాగా పని చేస్తుంది. ఈ మధ్య ప్రొఫెషనల్స్ చేతులు చూడండి, అందరివీ దణ్ణం పెడుతున్నట్టు పైకే ఉంటాయి.

నా దృష్టిలో మంచి ఏరోబార్లంటే అరగంట సేపు తల ఎత్తకుండా ఉండనిచ్చేవి. విండ్ టనెల్ నంబర్లు ఎన్ని చూపించినా, అయిదు నిమిషాలకోసారి మెడ పట్టేసి లేచి కూర్చునేవాడికి ఆ నంబరు వర్తించదు. అందుకే కొనేటప్పుడు నేను చూడమనేది బరువు కాదు, కార్బనా అల్యూమినియమా అనీ కాదు. ప్యాడ్లు ముందుకీ వెనక్కీ పక్కకీ ఎంత జరుగుతాయి, స్పేసర్లు పెట్టెలోనే ఇస్తున్నాడా విడిగా కొనాలా, ఇవి. నా సెట్టులో ప్యాడ్లకి పక్కకి జరిగే చోటు బాగానే ఉంది, ముందుకీ వెనక్కీ మాత్రం రెండే రంధ్రాలు. నాకు కావాల్సింది ఆ రెంటి మధ్యలో ఉంది.

ఇప్పుడు తిట్టాల్సినవి. ప్యాడ్ల స్పాంజి చెమటంతా పీల్చేస్తుంది. ఏప్రిల్ నెలలో ఓ గంట తొక్కి వచ్చి ప్యాడు పిండితే నీళ్ళు కారతాయి, అతిశయోక్తి కాదు. రెండు రోజులు ఉతక్కపోతే ఆ వాసనకి సైకిల్‌ని బాల్కనీలోంచి ఇంట్లోకి రానివ్వరు. వెల్క్రో నాలుగు ఉతుకులకి పట్టు వదిలింది, ఇప్పుడు ఫ్యాన్సీ షాపులో మీటర్ల లెక్కన అమ్మే వెల్క్రో ముక్క అతికించి నడిపిస్తున్నాను. అన్నిటికంటే చిరాకు బోల్టులు. ఆ ఉప్పు చెమట బోల్టు తల గుంటలో నిలబడి తుప్పు పట్టించింది, అలెన్ కీ జారడం మొదలెట్టింది. బిగించే ముందే మరలకి గ్రీజు రాసి, తలమీద కూడా కాస్త పూయండి, వీలైతే స్టెయిన్‌లెస్ బోల్టులు వేసేయండి, హార్డ్‌వేర్ షాపులో చిల్లర డబ్బులకి వస్తాయి. బిగించాల్సిన బలం, అదే టార్క్, సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు అని క్లాంపు మీదే రాసి ఉంటుంది, చేతి అంచనాతో బిగించకండి. హ్యాండిల్ కార్బన్‌ది అయితే క్లిప్-ఆన్‌కి తయారుదారు ఒప్పుకుంటాడో లేదో చూసుకోకుండా అసలు ముట్టుకోవద్దు.

బ్రేకులు. ఏరోబార్ల మీద ఉన్నప్పుడు చేతుల దగ్గర బ్రేకు లేదు, గేర్ మార్చాలన్నా లివర్ల దగ్గరికి రావాలి. మన రోడ్ల మీద కుక్క ఎప్పుడు అడ్డం వస్తుందో, రాంగ్ రూట్‌లో బైకు ఎప్పుడు ఎదురొస్తుందో ఎవరికీ తెలియదు. నేను ఊళ్ళో అస్సలు వాటి మీదికి వంగను. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు 2023 అక్టోబర్‌లో తెరిచాక నాలాంటి వాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు వైపు పొడుగాటి ముక్క. నాకు నార్సింగి ముక్క నచ్చుతుంది. కానీ ఆదివారం పొద్దున ఏడు దాటాక అక్కడ పిల్లలుంటారు, కొత్తగా నేర్చుకునేవాళ్ళుంటారు, అప్పుడు తల దించుకుని 36లో పోవడం మొగతనం కాదు, మూర్ఖత్వం. వెలుగు రాగానే వెళ్ళి జనం రాకముందే ముగించుకోవాలి.

టైర్ల గురించి క్లుప్తంగా. సైకిల్‌తో వచ్చిన గట్టి టైర్లు తీసేసి కాంటినెంటల్ జీపీ 5000 వేశాను, 28 మిల్లీమీటర్లవి. జత మీద పది వేలు దాటింది, బాధగానే ఉంది. లెక్క మాత్రం ఒప్పుకుంటుంది: రోలింగ్ నిరోధం, అంటే టైరు దొర్లేటప్పుడు పడే అడ్డు, 0.005 నుంచి 0.004కి దిగితే పై లెక్కలోనే 35.3 కాస్తా 35.8 అవుతుంది, 20 కిలోమీటర్లకి ఇంకో అర నిమిషం. ఏరోబార్ల తర్వాత రెండో ఖర్చు ఇదే అవ్వాలి. టైర్లో గాలి 110 పీఎస్ఐ కొట్టించేవాళ్ళు ఇంకా ఉన్నారు, దయచేసి ఆపండి. మన తారు గరుకుకి 28 టైరులో 70, 75 చాలు, అంతకు మించితే సైకిల్ ఎగిరెగిరి పడి మన బలమే వృథా అవుతుంది. లేటెక్స్ ట్యూబులు వేస్తే ఇంకొన్ని వాట్లు కలిసొస్తాయి గానీ తెల్లారేసరికి గాలి దిగిపోయి ఉంటుంది, రోజూ పంపు పట్టుకునే ఓపిక ఉంటేనే.

బట్టలు అందరూ వదిలేసే చోటు. నలభై వేలు పెట్టి చక్రాలు కొని, క్లబ్బు వాళ్ళిచ్చిన వదులు జెర్సీ వేసుకుని, అది వీపు మీద టపటపా కొట్టుకుంటుంటే తొక్కేవాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఒంటికి అతుక్కునే ఒక సైజు చిన్న జెర్సీ కొనండి, వెనక జేబులు ఖాళీ చేయండి, నంబరు కాగితం గాలికి లేవకుండా నాలుగు మూలలే కాదు మధ్యలో కూడా పిన్నులు పెట్టండి. ఏరో హెల్మెట్ బాగా పని చేస్తుంది గానీ, తల ఉన్న తీరుని బట్టి మనిషికీ మనిషికీ తేడా వస్తుంది, ఒకరికి కుదిరింది ఇంకొకరికి కుదరదు. మన ఎండలో లోపల తల ఉడికిపోతుంది, అదొక లెక్క.

చక్రాల మీద నాకేం పగ లేదు. యాభై మిల్లీమీటర్ల రిమ్ములు కొన్ని వాట్లు ఇస్తాయి, నిజమే. కానీ ఓఆర్ఆర్ పక్క ట్రాకు మీద పక్కగాలి కొట్టిన రోజు ముందు చక్రం లాగేస్తుంటే భయపడి ఏరోబార్ల మీంచి లేచి హ్యాండిల్ పట్టుకున్నారంటే, చక్రాలు ఇచ్చింది చక్రాలే తీసేసుకున్నట్టు. ముందు పొజిషన్ కుదరాలి, తర్వాత డబ్బు మిగిలితే చూసుకోవచ్చు.

పని చేస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుందంటారా, పవర్ మీటర్ (మనం తొక్కే వాట్లు కొలిచే పరికరం) ఉంటే సులువు. గాలి లేని పొద్దున ఒకటే ముక్క మీద ఒకటే వాట్లతో పోను రాను తొక్కండి, ఒకసారి లివర్ల మీద, ఒకసారి ఏరోబార్ల మీద, మళ్ళీ లివర్ల మీద, మళ్ళీ ఏరోబార్ల మీద. వేర్వేరు రోజుల స్ట్రావా (రైడ్లు నమోదు చేసే యాప్) టైములు పోల్చుకోవద్దు, గాలీ ఎండా మారితే అంతా కొట్టుకుపోతుంది. లోతుగా పోవాలనుకునేవాళ్ళకి రాబర్ట్ చుంగ్ పద్ధతి ఉంది, వర్చువల్ ఎలివేషన్ అంటారు, రైడ్‌లోని వాట్లూ వేగమూ చూసి సీడీఏ లెక్కగట్టేది, గోల్డెన్ చీతా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేసుకోవచ్చు. పవర్ మీటర్ లేకపోతే గుండె వేగం చూసుకుంటూ తొక్కాలి, అది అంత నమ్మకం కాదు, కానీ తేడా పెద్దదైతే దాంట్లో కూడా కనపడుతుంది.

అయిదులో నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ప్యాడ్లకీ బోల్టులకీ. బాగా ఎత్తుపల్లాలున్న రూట్లే తొక్కేవాళ్ళు, గ్రూప్ రైడ్లు తప్ప వేరే ఏమీ చేయనివాళ్ళు కొనొద్దు, గుంపులో వాటి మీద ఉంటే పక్కవాళ్ళకి ప్రమాదం, గుంపుగా వదిలే రేసుల్లో అయితే వాటిని రానివ్వరు. ఏరోబార్లు లేనివాళ్ళకి వేరే కేటగిరీ పెట్టే టైమ్ ట్రయల్స్ కూడా ఉన్నాయి, పేరు ఇచ్చే ముందు నిబంధనలు చదవండి. ఆర్డర్ పెట్టే ముందు హ్యాండిల్ చూసుకోండి: స్టెమ్ (హ్యాండిల్‌ని మధ్యలో పట్టుకునే ముక్క) పక్కన గుండ్రంగా 31.8 మిల్లీమీటర్లు ఉండి, రెండు వైపులా క్లాంపు పట్టేంత టేపు చుట్టని జాగా ఉండాలి. పైన చదునుగా ఉండే ఏరో హ్యాండిల్ అయితే ఈ మామూలు క్లాంపులు పట్టవు, ఆ హ్యాండిల్ చేసినవాళ్ళే దానికి వేరే అమ్ముతున్నారేమో చూసుకోవాలి, ధర వినే ముందు కూర్చోండి.