రెండేళ్లు క్లాత్ డైపర్లు వాడాక: జయపురం వానల్లో ఏవి ఆరాయి, ఏవి ఆరలేదు

క్లాత్ డైపర్లు కొనమంటావా అని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒకటే. వానాకాలంలో మీ ఇంట్లో బట్టలు ఎక్కడ ఆరేస్తారు? ఏ కంపెనీవి, ఎన్ని, ఏ డిజైన్ అన్నవన్నీ దాని తర్వాతే. మేముండేది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో. జూన్ నెలాఖరున మబ్బు పట్టిందంటే సెప్టెంబర్ దాకా ఎండ మొహం చూడటమే గగనం. బాబు మే నెలలో, నేను సాలూరులో అమ్మవాళ్లింట్లో ఉండగా పుట్టాడు. మూడో నెల నిండగానే జయపురం వచ్చేశాం, సరిగ్గా నడి వానల్లోకి. ఇప్పుడు వాడికి రెండున్నరేళ్లు. డైపర్ల అవసరం తీరిపోయింది కనుక లెక్కలన్నీ తేలాకే రాస్తున్నాను.

మొదటి మూడు నెలలు వీటి జోలికే పోలేదు. పోకపోవడమే మంచిదని ఇప్పటికీ అంటాను. ‘ఫ్రీ సైజ్’ అని అమ్మేవాటి మీద 5 కేజీల నుంచి 17 కేజీల వరకు అని ఉంటుంది. మూడు కేజీల పసివాడి తొడలకు ఆ ఎలాస్టిక్ పట్టదు, పక్కల నుంచి కారిపోతుంది. అప్పుడే పుట్టిన పిల్లల సైజు విడిగా దొరుకుతుంది గానీ, రెండు నెలల్లో చిన్నదైపోయే దానికి అంత డబ్బు దండగనిపించింది. అమ్మ తన పాత నూలు చీరలు, నాన్న పంచెలు చింపి, మరిగే నీళ్లలో వేసి తీసి, ఎండబెట్టి పొత్తిగుడ్డలు సిద్ధం చేసింది. ముక్కోణంగా మడిచి నడుం దగ్గర ముడి వేయడమే. ఒంటిపొర గుడ్డ కదా, గాలికే ఆరిపోతుంది. పైగా తడిసిన ప్రతిసారీ తెలుస్తుంది. వారం దాటిన పిల్లలు రోజుకి కనీసం ఆరుసార్లు తడిపితే పాలు సరిపోతున్నట్టేనని డాక్టర్లు చెబుతారు. వాడి పారేసే డిస్పోజబుల్ డైపర్ వేస్తే ఆ లెక్క సరిగ్గా తేలదు, లోపలి జెల్ అంతా మింగేస్తుంది. పాలు చాలుతున్నాయో లేదో అన్న టెన్షన్‌లో ఉన్న నాకు ఆ తడిగుడ్డల కుప్పే ధైర్యమిచ్చింది.

ఇక అసలు సంగతి. క్లాత్ డైపర్ అంటే పైన నీరు దాటనివ్వని గుడ్డ, లోపల పీల్చే ప్యాడ్. ఆ పై గుడ్డని పీయూఎల్ అంటారు, బట్టకి లోపలివైపు పాలియురెథేన్ పల్చటి పొర అతికించి చేస్తారు. ఇందులో మూడు రకాలు వాడాను. ప్యాడ్‌ని కవర్‌కే కుట్టేసినది ఒకటి, సంచిలాంటి జేబులో ప్యాడ్ దూర్చేది రెండోది, కవర్ మీద ప్యాడ్ ఊరికే పరిచేది మూడోది. కుట్టేసినది వేయడం అన్నిటికన్నా సులువు. మా అత్తయ్యకి చేత్తో ఇస్తే చాలు, వేసేసేవారు. కానీ ఆగస్టులో అది ఆరడానికి రెండు రోజులు పట్టేది. రెండు రోజులు దండెం మీద వేలాడే డైపర్ ఉన్నా లేనట్టే. ఎండ కాసే ఊళ్లో ఉన్నవాళ్లు అవి కొనుక్కోవచ్చు, మా ఊరికి మాత్రం పనికిరావు.

చివరికి నిలబడినవి మూడో రకం. కవర్ ఫ్యాను కింద పూటలో ఆరిపోతుంది. ప్యాడ్ మడతలు విప్పితే పల్చటి గుడ్డలా పరుచుకునే రకమైతే రాత్రి వేసింది పొద్దుటికి సిద్ధం. ఉచ్చ పోసినప్పుడు ప్యాడ్ ఒక్కటే మార్చి, కవర్ తుడిచి మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి కవర్లు తక్కువైనా సరిపోతుంది. నా దగ్గర కవర్లు డజను, ప్యాడ్లు దానికి రెట్టింపు ఉండేవి. కవర్లలో కొన్ని ఎప్పుడూ మిగిలిపోయేవి, ప్యాడ్లు మాత్రం ఎప్పుడూ చాలేవి కావు.

ప్యాడ్ గుడ్డ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. చవక డైపర్లతో వచ్చేది మైక్రోఫైబర్. చప్పున పీలుస్తుంది, చప్పున ఆరుతుంది. కానీ పిల్లాడు కూర్చున్నా, మనం ఒళ్లో అదిమి ఎత్తుకున్నా పీల్చింది కాస్తా బయటికి కక్కేస్తుంది. దాన్ని నేరుగా ఒంటికి తగలనివ్వకూడదు కూడా, చర్మంలో ఉన్న తేమని లాగేసి పొడిబారుస్తుంది. వెదురు గుడ్డ అని అమ్మేది నిజంగానే బాగా పీలుస్తుంది, ఆరడంలో మాత్రం మొండిది. నూలు మధ్యస్థం. నా ఓటు నూలుకే. అత్తయ్య సగం ఆరిన నూలు ప్యాడ్లని ఇస్త్రీ పెట్టి ఆరబెట్టేవారు, వానల్లో ఆ ఒక్క పనితో ఎన్ని పూటలు గడిచాయో. కవర్లని మాత్రం ఇస్త్రీ పెట్టెకీ పొయ్యికీ చూపించకూడదు, లోపలి పొర కరిగిపోతుంది. మండుటెండలో గంటల తరబడి ఉంచినా ఎలాస్టిక్ సాగిపోతుంది.

ప్యాడ్ ఆరిందో లేదో అరచేత్తో చూస్తే తెలియదు. మధ్యలో పొడిగానే ఉంటుంది. నాలుగు పొరలు కలిపి కుట్టిన అంచు ఉంటుంది చూడండి, దాన్ని చెంపకి ఆనించాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. అలా మడిచి బీరువాలో పెడితే మర్నాటికి ముక్కవాసన, రెండు మూడు రోజులకి నల్లటి చుక్కలు.

కొత్త నూలు, వెదురు ప్యాడ్లని నాలుగైదు సార్లు ఉతికాకే వాడాలి. గుడ్డలో ఉండే నూనె జిడ్డు పోయేదాకా నీళ్లు పైనుంచి జారిపోతాయి. ఈ సంగతి తెలియక మొదటిరోజే తొడిగి, ‘కారిపోతోంది, మోసం’ అని రేటింగ్ ఒక్క స్టార్‌కి దించేసినవాళ్లు ఎందరో. కారడానికి ఇంకో కారణం తొడ దగ్గరే ఉంటుంది. ప్యాడ్ మూల వేలి గోరంత బయటికి తొంగిచూసినా చాలు, అక్కణ్ణుంచి తడి చొక్కాలోకి పాకిపోతుంది. తొడిగాక తొడ చుట్టూ వేలు తిప్పి మూలలు లోపలికి నెట్టడం నాకు అలవాటైపోయింది.

ఉతకడం అనుకున్నంత నరకం కాదు, అలాగని ప్రకటనల్లో చూపించినంత హాయీ కాదు. ఉచ్చతో తడిసినవి ఓసారి చన్నీళ్లలో జాడించి, చిల్లుల బుట్టలో వేసేదాన్ని. బకెట్ నీళ్లలో నానబెట్టి వదిలేయకూడదు. వాసన ముదురుతుంది, కవర్ పొర దెబ్బతింటుంది, పాకే పిల్లాడున్న ఇంట్లో నీళ్ల బకెట్ ప్రమాదం కూడా. రోజు విడిచి రోజు మెషీన్‌లో ముందు ఉత్త నీళ్లతో ఓ చుట్టు, తర్వాత సర్ఫ్ వేసి వేణ్నీళ్లతో పూర్తి చుట్టు. సబ్బు చెంచాడు చాలని చెప్పే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది, అది నాకు పడలేదు. సబ్బు తక్కువైతే ఉచ్చ గుడ్డలోనే మిగిలిపోయి, మళ్లీ తడవగానే కళ్లు మండేంత అమోనియా వాసన కొడుతుంది. సువాసన కోసం వేసే కండిషనర్ మాత్రం చుక్క కూడా వద్దు. అది దారాల మీద పూతలా పేరుకుంటుంది, ప్యాడ్ పీల్చడం మానేస్తుంది. బోరు నీళ్లవాళ్లకి ప్యాడ్లు అట్టల్లా బిరుసెక్కుతాయి. వాళ్లకి సబ్బు ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

దొడ్డికి వెళ్లినప్పటి మాట. తల్లిపాలు తప్ప ఇంకేదీ పట్టనన్నాళ్లు అది నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. ఆరో నెలలో రాగిజావ, ఇడ్లీ మొదలయ్యాక కథ మారింది. టాయిలెట్ పక్కనుండే జెట్ స్ప్రే లేకపోతే నేను అప్పుడే మానేసేదాన్ని. పసుపు మరకలు ఎంత రుద్దినా పోవు, తడిగా ఎండలో వేస్తే వాటంతటవే పోతాయి. వానల్లో మరక ఉండిపోతుంది, శుభ్రంగా ఉతికితే దానివల్ల నష్టమేమీ లేదు.

ఈ చాకిరీ ఎవరిది? కొనేముందు ఇంట్లో తేల్చుకోవలసిన మాట ఇది. ఆర్నెల్ల సెలవు అయిపోయి నేను బ్యాంకుకి వెళ్లడం మొదలుపెట్టాక, పొద్దున్న జాడించే పని మా ఆయన తీసుకున్నారు. దొడ్డి గుడ్డలు పనమ్మాయికి వేయకూడదని ముందే అనుకున్నాం. మొదట్లో అత్తయ్య, “ఓలమ్మా, ఇదేటే, గుంటడికి ఇంత బరువు కట్టేసినావు?” అని దెప్పేవారు. కింద వాటాలో ఉండే ఒడియా మావుసి (పిన్నిగారు) దండెం కేసి చూసి, “ఎతె లుగా కిఏ ధోఇబొ మా?” అనేది, ఇన్ని గుడ్డలు ఎవరుతుకుతారమ్మా అని. ఆవిడ అడిగింది న్యాయమే. ఆ ప్రశ్నకి మీ ఇంట్లో ‘నేను’ అని జవాబిచ్చేది ఒక్క తల్లే అయితే, కొనడం వాయిదా వేయండి. పురుటి నుంచి తేరుకోని మనిషి నెత్తిన పర్యావరణాన్ని పెట్టక్కర్లేదు.

పర్యావరణం మాటొచ్చింది కాబట్టి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో దీని మీద లెక్క కట్టింది. రెండున్నరేళ్లకి ఒక బిడ్డ డిస్పోజబుల్స్ వల్ల సుమారు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన వాయువులు, గుడ్డవాటివల్ల సగటున 570 కిలోలు. అంటే దాదాపు సమానం. కానీ మెషీన్ నిండా వేసి ఉతికి, ఆరుబయట ఆరేసి, అవే రెండో బిడ్డకీ వాడితే గుడ్డలవైపు 200 కిలోలు తగ్గుతుందని అందులోనే ఉంది. డ్రయ్యర్లు లేని మన ఇళ్లలో దండెమే గతి కనుక ఆ లాభం మనకి ఊరికే వస్తుంది. చెత్త సంగతి వేరే. వాడిన డైపర్‌ని చుట్టి పొడి చెత్తలో ఇవ్వాలని 2016 చెత్త నిర్వహణ నియమాల్లో ఉండేది. మా వీధి చివర కాలవగట్టున కుక్కలు లాగి చింపినవి చూస్తే నియమం ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది.

ర్యాష్ గురించి అమ్మేవాళ్లు చెప్పేదంతా నమ్మొద్దు. గుడ్డ అయితే ర్యాష్ రాదనేది నిజం కాదు. తడిగుడ్డ ఒంటికి అంటుకుని ఎక్కువసేపు ఉంటే డిస్పోజబుల్ కన్నా త్వరగా ఒరుసుకుపోతుంది. రెండు మూడు గంటలకోసారి మార్చగలిగితేనే గుడ్డ మేలు. మావాడికి ఓ వానాకాలంలో గజ్జల్లో ఎర్రగా కందిపోయి, చుట్టూ విడివిడిగా చిన్న చిన్న పొక్కులు వచ్చాయి. కొబ్బరినూనెకి లొంగలేదు. డాక్టర్ చూసి ఫంగస్ అన్నారు, దానికి వేరే మందు. అది తగ్గేదాకా డిస్పోజబుల్సే వేశాం, ప్యాడ్లన్నీ మరిగే నీళ్లలో వేసి తీశాం. జింకు కలిసిన తెల్ల క్రీములు రాసేటప్పుడు మధ్యలో లైనర్ (ప్యాడ్ మీద పరిచే పల్చటి పొర) వేయాలి, లేకపోతే ఆ జిడ్డు ప్యాడ్‌కి పట్టి వదలదు. టీకా వేయించిన రోజు తొడ వాచవచ్చు, ఎలాస్టిక్ ఒత్తకుండా ఉత్త పొత్తిగుడ్డే నయం.

రాత్రిళ్లు డిస్పోజబులే వేశాం, మొదటినుంచీ. రెండు ప్యాడ్లు కలిపి వేస్తే ఆగుతుంది గానీ పిల్లాడు పొట్టమీదికి దొర్లలేక చిరాకుపడేవాడు. సాలూరు బస్సుకీ అంతే. సుంకి ఘాట్ మలుపుల్లో, ఒళ్లో కక్కుతున్న పిల్లాణ్ణి పట్టుకుని టిచ్ బటన్లు పెట్టడం ఎవరివల్లా కాదు.

డబ్బు లెక్క సూటిగా ఉంది. డిస్పోజబుల్ ఒకటి 10 నుంచి 12 రూపాయలు, రోజుకి ఆరు వేసుకున్నా నెలకి 2,000 దగ్గర పడుతుంది. నేను కవర్లకీ ప్యాడ్లకీ కలిపి 8,000 దాకా పెట్టాను. రాత్రి డైపర్లు, సబ్బు, కరెంటు కలుపుకున్నా ఆరేడు నెలల్లో పెట్టుబడి తిరిగొచ్చింది. నాలుగైదు నెలలు వాడి మానేసేవాళ్లకి మాత్రం నష్టమే. అందుకే ఒకేసారి డజను కొనొద్దు, మూడు రకాల్లో ఒక్కొక్కటి తెచ్చుకుని ఓ పక్షం రోజులు మీ దండెం మీద, మీ నీళ్లతో చూడండి.

రెండేళ్ల తర్వాత ఏం మిగిలాయంటే, టిచ్ బటన్లవి గట్టిగా ఉన్నాయి. వెల్‌క్రోవి ఏడాదికే దూది పట్టి అంటుకోవడం మానేశాయి, పైగా పిల్లాడు ఏడాది దాటగానే సర్రున లాగి విప్పేసుకునేవాడు. చవకవి 250 రూపాయల కవర్లలో సగం ఎలాస్టిక్ జారిపోయింది. 600 పెట్టినవి దాదాపు అన్నీ బాగున్నాయి. ఆ బాగున్నవి రాయగడలో ఉండే మా మరదలికి ఇచ్చేశాను, తనకి జనవరిలో పురుడు. ప్యాడ్లు మాత్రం కొత్తవి కొనుక్కోమన్నాను, నావి పల్చబడిపోయాయి. బిడ్డ అయిదు కేజీలు దాటేదాకా ఈ కవర్లు బయటికి తీయొద్దని, ఈలోగా పాత పంచెలు చింపి పెట్టుకోమని చెప్పాను. నాన్న దగ్గర ఇంకో నాలుగు ఉన్నాయట, వచ్చే వారం పట్టుకెళ్తారు.