ఛాతీ స్ట్రాప్ లెక్క పక్కా, చెమట ఉప్పే దానికి పడదు

గుండె వేగం చూపించే ఛాతీ స్ట్రాప్ సంగతి ఇది. బ్లూటూత్, యాంట్ ప్లస్ (వాచీకి వైర్లు లేకుండా అంకె పంపే పద్ధతులు), బరువు లాంటివి డబ్బా మీదే రాసుంటాయి, వాటి జోలికి పోను. హాఫ్ మారథాన్ నుంచి ఫుల్‌కి, అక్కణ్నుంచి 50 కిలోమీటర్లకి వెళ్దామనుకునేవాళ్లకి దీనివల్ల ఒరిగేది ఒక్కటే: ఈజీ రన్ నిజంగా ఈజీగా సాగుతోందా లేదా అన్నది తేలిపోతుంది. చేతి వాచీతో నా పేచీ అంతా అక్కడే.

వాచీ అడుగున వెలిగే పచ్చ లైటు చర్మం కింద రక్తం పొంగుని చూసి లెక్క కడుతుంది. పరుగులో చెయ్యి ఊగుతుంది, వదులుగా ఉన్న వాచీ కదులుతుంది, ఆ కుదుపునే అది నాడి అనుకుంటుంది. అడుగులు నిమిషానికి 165–175 పడుతుంటే తెర మీద కూడా ఆ అంకే వచ్చి కూర్చుంటుంది. అసలు గుండె 140 దగ్గరే ఉండొచ్చు. ఆ అంకెకి భయపడి నడకలోకి దిగేవాళ్లతో పెద్ద నష్టం లేదు. 'నాకెప్పుడూ ఇంతేలే' అని అలవాటుపడి, నిజంగా 170 కొట్టిన రోజు కూడా తగ్గనివాళ్లతోనే చిక్కు. ఆదివారం లాంగ్ రన్ రేసులా అయిపోతుంది, మంగళవారానికి కాళ్లు కోలుకోవు, నెల తిరిగేసరికి పిక్కో మడమో పట్టేస్తుంది.

స్ట్రాప్ చూసేది గుండె విద్యుత్ సంకేతాన్ని, కాబట్టి అడుగులతో దానికి పని లేదు. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే అంకె వెంటనే పెరుగుతుంది. వాచీ మేలుకునేసరికి సగం చడావు అయిపోతుంది, పేస్ (పరుగు వేగం) తగ్గించాల్సిన చోటు దాటిపోతుంది.

ఇక మొరాయించిన కథ. కొన్నాళ్లు సాఫీగా నడిచాక 20 కిలోమీటర్లు దాటగానే అంకె ఉన్నట్టుండి 90కి పడిపోవడం, గీతలు రావడం, మళ్లీ 150కి ఎగరడం మొదలైంది. మొదట అనుమానించాల్సింది సెల్‌నే. సీఆర్2032 బటన్ సెల్ కొత్తది వేసినా మారలేదు. సెల్ మూత లోపలి రబ్బరు రింగు నలిగి చెమట దిగిందేమో చూస్తే లోపలంతా పొడిగానే ఉంది. తర్వాత పాడ్ (సెల్ ఉండే చిన్న డబ్బా) పట్టీకి తగిలించే టిచ్ బటన్లు. వాటి చుట్టూ తెల్లటి ఉప్పు, అంచుల్లో పచ్చటి చిలుము. వెనిగర్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగితే కొన్ని పరుగులు బాగానే వచ్చింది, మళ్లీ మామూలే. అదే పాడ్‌ని వేరే పట్టీకి తగిలిస్తే అంకె నిలకడగానే వచ్చింది. అంటే పాడ్ తప్పేం లేదు.

తప్పు పట్టీదే. ఒంటికి ఆని గుండె సంకేతాన్ని అందుకునే నల్లటి రబ్బరు పూత టిచ్ బటన్ పక్కన, మడతపడే చోట, వెంట్రుకంత చీలింది. మల్టీమీటర్ ఒక కొసని బటన్ మీద, రెండో కొసని పూత మీద పెట్టి పట్టీని వంచితే అంకె గంతులేసింది. చెమట ఉప్పు ఆ పూతలో ఎండిపోయి గట్టిపడేది, తడిసి ఎండిన ప్రతిసారీ చీలిక పెరిగేది. పట్టీ మారిస్తే అంతా చక్కబడింది. పాడ్ ఏళ్లు వస్తుంది, పట్టీ రాదు. ఆ మాట డబ్బా మీద ఎక్కడా ఉండదు.

పట్టీ ఎక్కువకాలం రావాలంటే పరుగు అవగానే పాడ్ ఊడదీయాలి. తడి పట్టీకి తగిలించి ఉంచితే ఒంటి మీద ఉన్నాననుకుని అది పనిచేస్తూనే ఉంటుంది, సెల్ ఊరికే ఖర్చవుతుంది. పట్టీని అప్పుడే మంచినీళ్లలో జాడించి, వారానికోసారి మామూలు సబ్బుతో చేత్తో ఉతికి నీడన ఆరేస్తే చాలు. బట్టలు మెత్తబరిచే ద్రవాలు మాత్రం వద్దు, అవి పూత మీద పొరలా అంటుకుంటాయి. మడిచి సంచిలో కుక్కొద్దు.

పైన మెచ్చుకున్న కచ్చితత్వానికీ షరతులున్నాయి. డిసెంబర్ పొడిగాలిలో మొదటి పది నిమిషాలు 200 దాటిన అంకెలు వస్తే నమ్మొద్దు. వదులు పాలిస్టర్ టీషర్ట్ పట్టీకి కొట్టుకుంటూ పుట్టించే కరెంటు అది. పూతని ముందే నీళ్లతో తడిపి, ఒంటికి అతుక్కునే బనియన్ వేస్తే తగ్గుతుంది. ఆగస్టు ఉక్కలో ఆ బాధ లేదు గానీ రొమ్ము ఎముక దగ్గర ఒరుసుకుపోతుంది. వాజలీన్ పట్టీ అంచుల కిందే రాయాలి, పూత కింద రాస్తే సంకేతం పోతుంది. స్పోర్ట్స్ బ్రా వేసుకునేవాళ్లకి రెండు పట్టీలు ఒకదానిమీద ఒకటి పడితే ఇంకా కష్టం.

అంకె సరైనదైనా జోన్లు (ఈజీ, కష్టం అని గుండె వేగాన్ని విడగొట్టే హద్దులు) తప్పయితే లాభం లేదు. '220లోంచి వయసు తీసేయడం' అనే లెక్క మనిషిని బట్టి పది పైగా అటూ ఇటూ పోతుంది. ఇక ఎండలో మూడు గంటలయ్యాక ఒంట్లో నీరు తగ్గి అదే పేస్‌కి గుండె పది పదిహేను ఎక్కువ కొడుతుంది. దక్షిణాఫ్రికాలో జరిగే దాదాపు 90 కిలోమీటర్ల కామ్రేడ్స్ పరుగు లాంటి వాటిలో చివరి సగం ఈ అంకె పట్టుకుని నడిపించడం నాకైతే అసాధ్యమనిపిస్తుంది. అక్కడ ఊపిరే చూసుకోవాలి.

ధారగా చెమట పట్టే ఒళ్లు, నగరపు చడావులు, 50 కిలోమీటర్ల గురి ఉన్న నాకు ఇది లేకుండా లాంగ్ రన్ కుదరదు. 5కే, 10కేతో సరిపెట్టుకునేవాళ్లకి వాచీని మణికట్టు ఎముకకి కాస్త పైన బిగించి కట్టుకుంటే చాలేమో. కొనేవాళ్లు ఆ కంపెనీ పట్టీని విడిగా అమ్ముతుందో లేదో ముందే చూసుకోండి. టిచ్ బటన్ల మధ్య దూరం అన్ని కంపెనీలకీ ఒకేలా ఉండదు.