పాత లేత్ మిషన్‌కి కరెంటు రోగమా? రాయగడలో ఈ మిస్త్రీని పట్టుకోండి

ఒడిశాలో రాయగడ, గుణుపురం వైపు లేత్ (ఇనుప ముక్కని తిప్పుతూ చెక్కే మిషన్) షాపులు నడుపుతున్న మనవాళ్ల కోసం రాస్తున్నా. మా లేత్‌కి కరెంటు పని చేసిన మిస్త్రీ గురించి ఇది. ఆయన షాపుకి బోర్డు లేదు, ఒక్కరే మనిషి, "పేరూ నంబరూ ఎక్కడా పెట్టకు తమ్ముడూ, ఉన్న పనే తెమలడం లేదు" అన్నారు కాబట్టి పెట్టడం లేదు. ఊళ్లో మోటార్ వైండింగ్ షాపుల్లో ఎక్కడైనా, మెగ్గర్ (వైండింగ్ ఇన్సులేషన్ కొలిచే మీటర్) లేకుండా మోటార్ ముట్టుకోని పెద్దాయన ఎవరని అడగండి, చెప్తారు.

మా మిషన్ పంజాబ్‌లోని బటాలా మేక్, ఆల్ గేర్ (స్పీడు మార్చేది గేర్లతోనే), 5 హెచ్‌పీ మోటార్. విశాఖలో పాత మిషన్లు అమ్మే ఒక డీలర్ దగ్గర తీసుకున్నాం. బెడ్ అరగలేదు, గేర్లలో శబ్దం లేదు, ఆ వరకూ మంచి మిషనే. గొడవంతా కరెంటు వైపే. ఖాళీగా తిప్పితే చక్కగా తిరిగేది, పంపు షాఫ్ట్ మీద కాస్త లోతు కటింగ్ ఇస్తే చాలు స్పీడు పడిపోయి మోటార్ మూలిగేది. ఒక్కోసారి అసలు తిరగకుండా హమ్మని నిలబడిపోయేది. ఇంకోసారి స్టార్ట్ బటన్ నొక్కినంతసేపే నడిచి, వేలు తీస్తే ఆగిపోయేది. అంతకుముందు వచ్చినవాళ్లలో ఒకరు స్టార్టరే మార్చేయాలన్నారు, ఇంకొకరు మోటార్ కాలింది, రీవైండింగ్ తప్పదన్నారు. రెండిటికీ డబ్బు మనదే కదా.

ఈయన వచ్చాక ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి తన జేబులో వేసుకున్నారు. తర్వాత మోటార్ మీద నూనె మురికి తుడిచి నేమ్‌ప్లేట్ చదివారు: 415 వోల్టులు, డెల్టా, 7.5 ఆంపియర్లు. డెల్టా, స్టార్ అంటే మోటార్‌లోని మూడు వైండింగులని కలిపే రెండు పద్ధతులు. టెర్మినల్ బాక్స్ మూత తీస్తే లోపల వాటిని కలిపే పట్టీలు స్టార్‌లో ఉన్నాయి. వైండింగ్ చేసినవాళ్లో, అమ్మేముందు ఎవరో అలా బిగించేశారు. డెల్టా మోటార్‌ని స్టార్‌లో పెడితే ఒక్కో వైండింగ్‌కి 415 బదులు 240 వోల్టులే అందుతాయి, లాగే బలం మూడో వంతుకి పడిపోతుంది. ఖాళీగా తిరిగి, కటింగ్‌లో చచ్చిపోయేది అందుకే. స్టార్టర్ కొత్తది వేసినా ఆ రోగం పోయేది కాదు.

నాకు బాగా నచ్చిందేమిటంటే, తప్పు కనబడింది కదా అని వెంటనే పట్టీలు మార్చేయలేదు. కేబులూ పట్టీలూ విప్పేసి 500 వోల్టుల మెగ్గర్‌తో మూడు వైండింగులనూ బాడీకి చూశారు, ఒకదానికొకటి కూడా చూశారు. వానాకాలం, షెడ్డులో చెమ్మ. కనీసం ఒక మెగోమ్ కూడా రాకపోతే డెల్టాలో పూర్తి వోల్టేజీ ఇవ్వనని ముందే చెప్పారు. రీడింగ్ బాగా వచ్చింది, రీవైండింగ్ ఖర్చు తప్పింది.

రెండో రోగం ఒక ఫేజ్ పోవడం, హమ్మని నిలబడిపోయేది అందుకే. నియాన్ టెస్టర్ పెడితే మూడు ఫేజులకీ వెలుగుతోంది, అది చూసే ముందు వచ్చినతను సప్లై బాగుందనేశాడు. ఒక ఫేజ్ కాంటాక్టర్ (స్టార్టర్‌లో మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్) దగ్గర తెగిపోయినా, మిగతా రెండిటి నుంచి మోటార్ వైండింగ్ గుండా వోల్టేజీ వెనక్కి వచ్చి ఆ తీగ మీద కూడా టెస్టర్ వెలుగుతుందట. ఈయన మోటార్ తీగలు విప్పి, రెండు బల్బులు సిరీస్‌లో కట్టిన టెస్ట్ ల్యాంప్‌తో ఫేజ్‌కీ ఫేజ్‌కీ మధ్య చూశారు. ఒక్క బల్బు పెడితే 415కి పేలిపోతుంది, దయచేసి ఎవరూ అలా చేయకండి. కాంటాక్టర్ పైన మూడూ ఉన్నాయి, కింద మధ్య ఫేజ్ లేదు. విప్పితే ఆ కాంటాక్ట్ నల్లగా గుంటలు పడి ఉంది. కాంటాక్టుల సెట్ ఒక్కటే మార్చారు, స్టార్టర్ మొత్తం కాదు.

బటన్ వదిలితే ఆగిపోవడం చిన్న పని. వేలు తీశాక కూడా స్టార్టర్‌ని పట్టి ఉంచే హోల్డింగ్ కాంటాక్ట్ తీగ లగ్గులో వదులైంది, అంతే.

భయం వేసింది మాత్రం ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మితిమీరితే మోటార్‌ని ఆపేది) చూశాక. 7.5 ఆంపియర్ల మోటార్‌కి 9-15 రేంజ్ రిలే పెట్టి, దాన్ని కూడా చివరికి తిప్పి ఉంచారు. ట్రిప్ కాకూడదని చేసిన పని అది. ఫేజ్ పోయినప్పుడు మోటార్ నిజంగానే కాలిపోయేది. 6-10 రిలే తెప్పించి 7.5 మీద పెట్టారు. కూలెంట్ పంపు కేబుల్ కూడా చిప్స్ (చెక్కిన ఇనుప తురుము) ట్రే అంచుకి రాసుకుని తొక్క లేచిపోయింది, దాన్ని పైపులోంచి తీశారు. మిషన్ బాడీకి ఒకే ఎర్త్ ఉంటే రెండోది వేరుగా వేయించారు. త్రీ ఫేజ్ మోటార్‌కి రెండు వేర్వేరు ఎర్త్‌లు ఉండాల్సిందే, మన షాపుల్లో చాలా చోట్ల ఒక్కటీ సరిగ్గా ఉండదు. మిషన్ దగ్గర రోజంతా నిలబడేది మన కుర్రాళ్లే, ఈ ఒక్క విషయంలో పిసినారితనం వద్దు.

మళ్లీ కరెంటు ఇచ్చేముందు చక్ (ఇనుప ముక్కని పట్టుకునే భాగం) విప్పించారు. తీగలు తారుమారై స్పిండిల్ ఉల్టా తిరిగితే మరల మీద బిగించే చక్ ఊడి మీదకొస్తుంది. అన్నీ సరిచూసుకున్నాక క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజులూ చూశారు, కటింగ్‌లో కూడా ఏడు ఆంపియర్లు దాటలేదు. వెళ్లేముందు తీగలకి నంబర్లు వేసి, కంట్రోల్ వైరింగ్ బొమ్మ తెలుగులో గీసి ప్యానెల్ తలుపు లోపల అంటించారు. ఇంత కాలంలో నాకెవరూ అలా చేసి పెట్టలేదు.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన రోజుకి రారు, ఫోన్ ఎత్తరు, అర్జెంటు ఆర్డర్ చేతిలో ఉంటే టెన్షన్ తప్పదు. వీఎఫ్‌డీ (మోటార్ స్పీడు మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్), సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మిషన్) పని ముట్టుకోరు, దానికి విజయనగరమో విశాఖో చూసుకోవాలి. మజూరీ మిగతావాళ్లకంటే ఎక్కువే, నా లెక్కలో అది న్యాయమే. సామాను మనమే కొనాలి, బిల్లు మన పేరునే ఉంటుంది, అందులో ఆయన కమిషన్ ఉండదు.

పిలిచేవాళ్లు ముందు రోజే చిప్స్ ఊడ్చి, మోటార్ చుట్టూ చెయ్యి పట్టేంత చోటు చేసి ఉంచండి. నేమ్‌ప్లేట్ మీద రంగు వేసి ఉంటే గీకి పెట్టండి, అది చదవకుండా ఆయన పని మొదలుపెట్టరు.