దిగిపోవడంలో ఎవరిది మేలు? లీ క్వాన్ యూ, మహాతిర్, న్యెరేరే

"మనకూ ఒక లీ క్వాన్ యూ ఉంటేనా!" అనే మాట తెలుగు ఇళ్లలో చాలాసార్లు విన్నాను. అమరావతి ప్రణాళిక సింగపూర్ సంస్థ చేతికి వెళ్లినప్పటి నుంచి ఆ మాట ఇంకా ఎక్కువైంది. సింగపూర్‌కు 31 ఏళ్లు ప్రధానిగా ఉండి ఆయన ఏమేమి కట్టారో అందరూ వేళ్ల మీద లెక్కపెడతారు. ఆ పదవి దిగాక ఆయన ఏం చేశారని అడిగేవాళ్లు తక్కువ. దీర్ఘకాలం ఏలిన నాయకుడిని తూచాలంటే ఆ రెండో ప్రశ్నే ముఖ్యమని నా నమ్మకం. తూకం సరిగ్గా తెలియాలంటే పొరుగునే ఉన్న మలేషియా మాజీ ప్రధాని మహాతిర్‌ను ఆయన పక్కన నిలబెట్టాలి.

ఇద్దరూ దాదాపు ఒక ఈడువాళ్లు. లీ 1923లో సింగపూర్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం చదివి వచ్చి, 1952లో తపాలా కార్మికుల సమ్మెలో వాళ్ల తరఫున నిలబడి పేరు తెచ్చుకున్నారు. 35 ఏళ్లకే, 1959లో, ప్రధాని అయ్యారు. మహాతిర్ 1925లో అలోర్ సెటార్‌లో ఒక బడిపంతులు ఇంట పుట్టారు. తండ్రి వైపు మూలాలు కేరళలో ఉన్నాయి. ఆయన వైద్యం చదివింది సింగపూర్‌లోనే. 1969లో ఎన్నికల్లో ఓడి, అప్పటి ప్రధాని తుంకు అబ్దుల్ రహ్మాన్‌ను తప్పుపడుతూ లేఖ రాసి పార్టీ నుంచి బహిష్కరణకు గురయ్యారు. మళ్లీ పార్టీలోకి వచ్చి 1981లో ప్రధాని అయ్యారు.

ఇద్దరూ కెమెరాల ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. 1965 ఆగస్టు 9న సింగపూర్ మలేషియా నుంచి విడిపోయింది. ఆ రోజు విలేకరుల ముందు మాట్లాడుతూ లీ ఉన్నట్టుండి ఆగిపోయారు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు తుడుచుకున్నారు. ఆయన తేరుకునేదాకా చిత్రీకరణ ఆపాల్సి వచ్చింది. మహాతిర్ ఏడ్చింది 2002 జూన్‌లో, సొంత పార్టీ ఉమ్నో మహాసభలో. ప్రసంగం చివర రాజీనామా చేస్తున్నానని చెప్పేసరికి గొంతు పూడుకుపోయింది. మంత్రులు వేదిక మీదికి పరుగెత్తుకొచ్చి చుట్టుముట్టి వద్దని బతిమాలారు. కాసేపటికే ఆయన మనసు మార్చుకున్నారని ప్రకటన వచ్చింది. చివరికి 2003 అక్టోబర్ 31న దిగారు. ఆ దృశ్యం తలచుకున్నప్పుడల్లా నాకు ఆయన కంటే ఆ మంత్రులే గుర్తుకొస్తారు. 21 ఏళ్ల పాలన తర్వాత కూడా ఆయన లేని రేపటిని వాళ్లు ఊహించలేకపోయారు.

కట్టిన వాటి విషయంలో ఇద్దరికీ పెద్ద జాబితాలే ఉన్నాయి. లీ హయాంలో 1960లో మొదలైన గృహనిర్మాణ బోర్డు మురికివాడల జనాన్ని సొంత ఫ్లాట్లలోకి చేర్చింది. మహాతిర్ కాలంలో ప్రోటాన్ కారు, ఉత్తర దక్షిణ రహదారి, 452 మీటర్ల పెట్రోనాస్ జంట భవనాలు, కొత్త పరిపాలనా నగరం పుత్రజయ వచ్చాయి. 1998లో కరెన్సీ సంక్షోభం నడుస్తుండగా ఆయన మలేషియా కరెన్సీ రింగిట్‌ను డాలరుకు 3.80 దగ్గర కట్టేసి, విదేశీ పెట్టుబడి బయటికి పోకుండా ఆంక్షలు పెట్టారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి మందుకు తలవంచకుండా నిలబడిన ఆ ధైర్యాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

తేడా కనిపించేది భవనాల్లో కాదు. 1986లో సింగపూర్ అభివృద్ధి శాఖ మంత్రి తే చియాంగ్ వాన్ మీద నాలుగు లక్షల డాలర్ల చొప్పున రెండు లంచాలు తీసుకున్నారన్న ఆరోపణ వచ్చింది. అవినీతి దర్యాప్తు సంస్థ విచారణ మొదలుపెట్టింది. ఆయన లీని కలవాలని అడిగారు. విచారణ ముగిసేదాకా కలవనని లీ కబురు పంపారు. ఆ డిసెంబరులోనే మంత్రి లీకి ఒక లేఖ రాసిపెట్టి ఆత్మహత్య చేసుకున్నారు. ఆ లేఖను లీ పార్లమెంటులో చదివి వినిపించారు. ఇందులో కాఠిన్యం ఉంది, కాదనను. కానీ ప్రధాని గది తలుపు తడితే కేసు ఆగదని దేశంలో ప్రతి అధికారికీ ఆ రోజు తెలిసింది.

రెండేళ్ల తర్వాత మలేషియాలో జరిగింది దీనికి పూర్తిగా ఎదురు. 1987లో పార్టీ అధ్యక్ష ఎన్నికలో మహాతిర్ తెంగ్కు రజాలీ మీద 43 ఓట్ల తేడాతో గట్టెక్కారు. ఆ గొడవ కోర్టుకెక్కింది. అదే ఏడాది అక్టోబరులో వందమందికి పైగా రాజకీయ నాయకులను, కార్యకర్తలను విచారణ లేకుండా నిర్బంధించారు. 1988లో దేశ ప్రధాన న్యాయమూర్తి సాలేహ్ అబ్బాస్‌ను పదవి నుంచి తొలగించారు. నా దృష్టిలో మహాతిర్ జీవితంలో అతి పెద్ద తప్పు ఇదే. అది ఎంత పెద్దదో ఆయనకే తర్వాత అనుభవంలోకి వచ్చింది. 2015లో ప్రభుత్వ నిధి 1ఎండీబీ కుంభకోణం బయటపడినప్పుడు ప్రధాని నజీబ్ రజాక్ అటార్నీ జనరల్‌ను తప్పించి తాను నిలబడ్డారు. అడ్డుకోగలిగిన సంస్థ ఏదీ మిగల్లేదు. దాంతో తొంభై దాటిన మహాతిర్ స్వయంగా వీధిలోకి దిగాల్సి వచ్చింది. 1998లో తాను మంత్రివర్గం నుంచి తొలగించిన అన్వర్ ఇబ్రహీంతో చేతులు కలిపి, 2018 మేలో స్వాతంత్ర్యం తర్వాత మొదటిసారి ప్రభుత్వాన్ని మార్చి, 92 ఏళ్ల వయసులో మళ్లీ ప్రధాని అయ్యారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

కానీ అన్వర్‌కు ఇస్తానన్న పగ్గాలు ఎప్పుడిస్తారన్న తేదీ మాత్రం తేలలేదు. 2020 ఫిబ్రవరిలో కూటమి చీలింది, మహాతిర్ రాజీనామా చేశారు, రెండేళ్లు నిండకుండానే ప్రజలు తెచ్చుకున్న ప్రభుత్వం కూలిపోయింది. 2022లో లంకావీలో పోటీ చేసి డిపాజిట్ పోగొట్టుకున్నారు.

లీ ఎప్పుడూ తిరిగి రాలేదు. అయితే దానికి కారణం ఆయన పూర్తిగా వెళ్లకపోవడమే. 1990లో గో చోక్ తోంగ్‌కు ప్రధాని పదవి ఇచ్చినా, 2004 దాకా సీనియర్ మంత్రిగా, 2011 దాకా మార్గదర్శక మంత్రిగా మంత్రివర్గంలోనే కూర్చున్నారు. తన మొదటి ఎంపిక గో కాదని బహిరంగంగానే చెప్పారు. తనను సమాధిలోకి దించుతున్నా, దేశంలో ఏదో తప్పు జరుగుతోందని తోస్తే లేచి వస్తానని 1988లో అన్నారు. 2004లో కొడుకు లీ సియన్ లూంగ్ ప్రధాని అయ్యారు. 2011 ఎన్నికల్లో పార్టీ ఓట్లు 60 శాతానికి పడిపోయాకే పెద్దాయన మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. ఆయన పాలనకు మరో ముఖమూ ఉంది. ప్రతిపక్ష ఎంపీగా పనిచేసిన చియా థై పోను 1966లో అరెస్టు చేసి, ఏ విచారణా లేకుండా 23 ఏళ్లు నిర్బంధించారు. సింగపూర్‌ను పొగిడే మనవాళ్లు ఆ పేరు కూడా తెలుసుకుని పొగడాలి.

ఇక్కడ టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరేను క్షణం తలచుకోవాలి. ఆర్థికంగా ఆయన ఈ ఇద్దరికీ చాలా దూరంలో ఆగిపోయారు. 1970లలో రైతులను బలవంతంగా ఉమ్మడి గ్రామాల్లోకి తరలించిన ప్రయోగం పంటలను దెబ్బతీసింది. ఆ బరువు పేదలే మోశారు. అయినా 1985లో అధ్యక్ష పదవిని తనంతట తానే వదిలారు. పార్టీ అధ్యక్షుడిగా మరో ఐదేళ్లు ఉండి, సొంతూరు బుటియామాకు వెళ్లి సేద్యం చూసుకున్నారు. తాను కట్టిన ఏకపార్టీ విధానాన్ని మళ్లీ ఆలోచించాలని 1990లో ఆయనే అన్నారు. ఆయన తర్వాత వచ్చిన ముగ్గురు అధ్యక్షులు తలా పదేళ్లు చేసి ఇళ్లకు వెళ్లారు.

ఏది మేలు అంటే, లీ, మహాతిర్‌లలో నేను లీ వైపే నిలబడతాను. 2011లో ఆయన తప్పుకున్న మర్నాడు సింగపూర్‌లో ఏ కార్యాలయమూ తడబడలేదు. 2020లో మహాతిర్ రాజీనామా చేస్తే మలేషియాలో వారం పాటు ప్రధాని ఎవరో తేలలేదు. అయినా దిగిపోయే తీరు ఒక్కటే కోరుకోమంటే న్యెరేరేదే కోరుకుంటాను. లీ లాంటి నాయకుడు కావాలనేవాళ్లతో నేనిప్పుడు భవనాల గురించి వాదించడం మానేశాను. 1986లో ఆ మంత్రి కలవాలని అడిగినప్పుడు మన నాయకుడు ఏమని కబురు పంపేవాడో చెప్పమని మాత్రం అడుగుతున్నాను.