లావు ఫైలులో పనికొచ్చిన కాగితాలు కొన్నే

నాకు మూడుసార్లు కడుపు పోయింది, మూడూ పదో వారం లోపే. నాలుగేళ్లలో తిరుపతిలో నేనిచ్చిన రక్తానికి వచ్చిన రిపోర్టులన్నీ ఒక ఫైలులో ఉన్నాయి. చివరికి డాక్టరమ్మ రాసింది ‘కారణం తెలియదు’ అనే.

టార్చ్ పరీక్ష (రూబెల్లా లాంటి, కడుపులో బిడ్డకు హాని చేసే ఇన్‌ఫెక్షన్ల కోసం చేసేది) మూడు చోట్ల మూడుసార్లు చేయించారు. రూబెల్లా ఐజీజీ అనే యాంటీబాడీ పాజిటివ్ అని చూసి వారం రోజులు నిద్రపోలేదు. అది చిన్నప్పుడు వచ్చిపోయిన జబ్బుకో, వేసిన టీకాకో మిగిలిన గుర్తని మూడోసారికి గానీ ఎవరూ చెప్పలేదు. వరుసగా కడుపు పోతున్నవారికి ఈ పరీక్షతో పనే లేదట.

నిజంగా పనికొచ్చింది యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష. రక్తం గడ్డకట్టేలా చేసి, కడుపు పోవడానికి కారణమయ్యే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది ఇది. ఇందులో మూడు ఉంటాయి: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రోటీన్. మొదటిదానికి లేత నీలం మూత సీసాలో గీత దాకా రక్తం నింపాలి. ల్యాబు అబ్బాయి ఒకసారి తక్కువ తీసి, మర్నాడు మళ్లీ రమ్మన్నాడు. విసుక్కున్నాను గానీ అతను చేసింది సరైన పనే.

నాకు యాంటీకార్డియోలిపిన్ ఐజీఎం కొంచెం ఎక్కువ వచ్చింది. ఒక ఆసుపత్రిలో ఈసారి నిలిస్తే తొమ్మిది నెలలూ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ సూదులు తప్పవన్నారు. ఇంకో డాక్టరమ్మ మాత్రం, ‘ఒక్క రిపోర్టుతో తేల్చకూడదమ్మా, 12 వారాలు ఆగి మళ్లీ చేయిద్దాం’ అన్నారు. ఏదైనా ఇన్‌ఫెక్షన్ వచ్చినా అది కొన్నాళ్లు పెరుగుతుందట. ఆగాం. నెగెటివ్ వచ్చింది. రెండుసార్లూ గట్టిగా పాజిటివ్ వస్తే ఆస్పిరిన్, హెపారిన్ ఇస్తారు. రిపోర్టును బట్టి వైద్యం మారే పరీక్ష కాబట్టే దీనికి నా ఓటు.

క్రోమోజోముల పరీక్షకు మావారూ చెయ్యి చాచారు. ఇన్నేళ్లలో ఆయనకు గుచ్చిన సూది అదొక్కటే. అత్తగారు ఆ రోజు ఆయనకు దానిమ్మ రసం తీసి ఇచ్చారు! మూడు వారాలకు ఇద్దరికీ మామూలే అని వచ్చింది.

అన్నిటికంటే ఖరీదైనదీ, నన్ను ఎక్కువ ఏడిపించిందీ ఎన్‌కే కణాల (ఒక రకం రోగనిరోధక కణాల) పరీక్ష. శాతం ఎక్కువుందని, మీ ఒళ్లే బిడ్డను తోసేస్తోందని చెప్పారు. రక్తంలోని ఎన్‌కే కణాలు, గర్భసంచిలోవి ఒకటి కావని, ఈ అంకె చూసి వైద్యం చేయకూడదని తరువాత తెలిసింది. ఆ డబ్బుతో మా ఇంటి రెండు నెలల అద్దె కట్టేవాళ్లం.

నాలుగోసారి ఆరో వారంలో నెత్తురు కనిపించింది. డాక్టరమ్మ గర్భం నిలవడానికి తోడ్పడే హార్మోన్ ప్రొజెస్టెరాన్ రాశారు. ఏ రిపోర్టూ చూసి కాదు. అంతకుముందు గర్భస్రావాలై, ఈసారి రక్తస్రావం కనిపించినవారికి అది కొంత మేలు చేస్తుందని 2019లో బ్రిటన్‌లో వెలువడిన ప్రిజమ్ అధ్యయనం సూచించిందట. బిడ్డ నిలిచింది దానివల్లేనా అంటే చెప్పలేను. పాపకు ఇప్పుడు పద్నాలుగు నెలలు. అత్తగారు మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి మెట్లన్నీ ఎక్కారు.

మొన్న రేణిగుంట నుంచి మా చిన్నమ్మ కూతురు ఇలాంటి ఫైలే పట్టుకొచ్చింది. రెండు అబార్షన్లు. తెరవగానే పైన టార్చ్ రిపోర్టు. చివరి దాకా తిప్పినా యాంటీకార్డియోలిపిన్ కాగితం లేదు.