స్టాండర్డ్ రాయడానికి వర్డా, ఆస్కీడాకా, లేటెక్కా: ఏది మేలు?

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో స్టాండర్డో స్పెక్కో, అంటే ఏదైనా ఎలా పనిచేయాలో నియమాలు చెప్పే పత్రం, రాయమంటే చేయి ముందు వర్డ్ మీదకే పోతుంది. అందులో తప్పేం లేదు, అందరికీ వచ్చు, రివ్యూకి పంపితే పక్కన కామెంట్లు పెట్టి వెనక్కి పంపేస్తారు, అంతర్జాతీయ స్టాండర్డ్స్ సంస్థ ఐఎస్‌ఓ కూడా డ్రాఫ్టులకు వర్డ్ టెంప్లేటే ఇస్తుంది. కానీ స్టాండర్డ్ ఏళ్ల తరబడి మారుతూ ఉంటుంది కదా, ఏ మాట ఎవరు ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఎలా? టూల్ ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది ఇదే.

ఇంటర్నెట్ స్టాండర్డ్స్‌లో వాడే మాటల అర్థం చెబుతూ 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 లెక్కలో 'మస్ట్' అంటే చేసి తీరాలి, 'షుడ్' అంటే గట్టి కారణం ఉంటే వదిలేయొచ్చు. పెద్ద ఫైల్లో ఒక్క మస్ట్ షుడ్‌గా మారినా, దాన్ని నమ్ముకుని చేసిన రెండు ప్రొడక్టులు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా పోవచ్చు. వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్ ఆన్‌లో ఉంటే సరే, లేకపోతే పాత కాపీ వెతికి కంపేర్ కొట్టాలి, మెయిళ్లలో నాలుగు 'ఫైనల్' ఫైళ్లు తిరుగుతుంటే పాతది ఏదో తేల్చడమే పెద్ద టెన్షన్. పైగా వర్డ్ సేవ్ చేసే డాక్స్ ఫైల్ అంటే జిప్ చేసిన ఎక్స్‌ఎంఎల్, ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే గిట్ అనే టూల్ మామూలుగా అందులో తేడా చూపించదు. ఆస్కీడాక్‌లో, అంటే చిన్న గుర్తులతో మామూలు టెక్స్ట్‌గా రాసే పద్ధతిలో, వాక్యానికో లైన్ చొప్పున రాస్తే గిట్‌లో ఆ ఒక్క లైనే ఎర్రగా, పచ్చగా కనబడుతుంది, మార్చినవాళ్ల పేరుతో సహా.

ఇలాంటి టెక్స్ట్ పద్ధతే అయిన మార్క్‌డౌన్ ఇంకా తేలిక, కాకపోతే టేబుల్లో గడులు కలపడానికి అందులో పద్ధతి లేదు, చిప్‌లో ఏ బిట్ దేనికో చూపే రిజిస్టర్ మ్యాపులు గీసేవాళ్లకు అది చాలదు.

లెక్కలు, ఈక్వేషన్లు ఎక్కువుంటే, కమాండ్లు రాసి పేజీలు కూర్చే లేటెక్‌ని మించింది లేదు, సీ ప్లస్ ప్లస్ స్టాండర్డ్ డ్రాఫ్ట్ అందులోనే నడుస్తోంది. అయితే టీములో ఒక్కరికే లేటెక్ వస్తే భారమంతా వాళ్ల మీదే పడుతుంది. రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ డిజైన్ వాళ్ల స్పెక్ లేటెక్ నుంచి ఆస్కీడాక్‌కి మారింది, మనలాంటి టీములు చూడాల్సిన ఉదాహరణ అదే.

తెలుగు అనుబంధం పెట్టాలంటే మాత్రం జాగ్రత్త. ఆస్కీడాక్ ఫైళ్లను పీడీఎఫ్, హెచ్‌టీఎంఎల్‌గా మార్చే ఆస్కీడాక్టర్ అనే టూల్ నేరుగా చేసే పీడీఎఫ్‌లో మన ఒత్తులు సరిగ్గా కుదరవు, ముందు హెచ్‌టీఎంఎల్ తీసి బ్రౌజర్‌లో ప్రింట్ చేసుకోండి.

నా ఓటు ఆస్కీడాక్‌కే. గిట్ తెలియని క్లయింట్‌కి పీడీఎఫ్ పంపండి, వర్డే కావాలంటే అదీ తీసివ్వండి, వాళ్లు పెట్టిన కామెంట్లను మాత్రం మీరే అసలు ఫైల్లోకి ఎక్కించండి.